మూడో సీటు కింద చీటీ

శనివారం పొద్దున ఏడున్నరకి బెర్నిస్ కాఫీ కప్పుతో కిటికీ దగ్గర కూర్చుంది. కూర్చుంది అనడం కన్నా కూలబడింది అంటే సరిగ్గా ఉంటుంది. ఎడమ తుంటి అరిగిపోయిన మనిషికి ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చోవడం ఒక శిక్ష, అందులోంచి లేవడం ఇంకో శిక్ష.

నవంబరు మొదటి వారం నుంచీ ఆమె ప్రపంచం కొలతలు ఇవే. మంచం నుంచి వంటింటికి పదకొండు అడుగులు. వంటింటి నుంచి కిటికీకి తొమ్మిది అడుగులు. కిటికీ నుంచి వీధికి తొమ్మిది మెట్లు. మొదటి రెండూ నడిచేవి, మూడోది చూసేది. మార్చి నెల వచ్చినా మెట్ల మీద మంచు పూర్తిగా కరగలేదు. కరిగినా ఆమెకి ఒరిగేదేమీ లేదు, తనే ఒరిగిపోతుంది.

అమెరికాలోని మిల్వాకీ ఊళ్ళో, దక్షిణ పేటలో ఆ వీధి ఇళ్ళన్నీ ఒకే తీరు. మెట్లెక్కితే పైవాటా, నేలలోకి సగం దిగితే కిందివాటా. ఈ ఇల్లు వాలు మీద ఉండడం వల్ల కిందివాటా వెనక తలుపు సందుకి సమానంగా ఉంటుంది. అటువైపు ఒక్క మెట్టు లేదు. బెర్నిస్ మంచం కిందికి మార్చేస్తే ఆ తలుపు తీసుకుని, చేతికర్ర ఊపుకుంటూ, ఒకరి సాయం లేకుండా చర్చి దాకా వెళ్ళి రావచ్చు. అయితే కింద మంచానికి కాదు కదా, మంచి మనసుకైనా చోటు లేదు. కింద జిగ్గీ సామాను ఉంది.

జిగ్మంట్ అనే జిగ్గీ ఆమె భర్త. ముప్ఫై ఆరేళ్ళు బౌలింగ్ ఆటశాలల్లో యంత్రాలు బాగుచేసినవాడు. వికెట్లు పడే బౌలింగ్ కాదులెండి, చెక్క పిన్నులు పడేది. ఒక్కో ఆటశాల మూతపడుతుంటే, బల్ల మీది బంతుల్ని కర్రతో కొట్టి ఆడే పూల్ రూమ్ ఒక్కోటీ ఖాళీ అవుతుంటే, జిగ్గీ అక్కడి బల్లలూ కుర్చీలూ ఇంటికి తెచ్చాడు. ఆటగాళ్ళు తమ వంతు కోసం కూర్చునే వంపు బెంచీలు, స్కోరు రాసే ఏటవాలు బల్లలు, అద్దె బూట్లు పెట్టే నంబర్ల గూళ్ళు, పూల్ కర్రలు నిలబెట్టే స్టాండ్లు. ఆ కర్రల్ని క్యూలంటారు. జిగ్గీ గదిలో అవి కూడా క్యూలోనే నిలబడి ఉన్నాయి, ఊపిరాడక.

"ఇవాళ ఎవరొస్తున్నారు?" అంది బెర్నిస్, రై రొట్టె మీద వెన్న రాస్తూ.

"షెబాయ్‌గన్ నుంచి ఎవడో హేగెన్ అట. బార్ పెడతాడట. లోపల పాతకాలం పూల్ రూమ్‌లా ఉండాలట."

"కొంటాడా?"

"చూస్తాడు."

"చూడ్డానికైతే మ్యూజియంకి వెళ్తారు జిగ్గీ. ఇక్కడికి కొనడానికొస్తారు. నువ్వే చూపించి పంపించేస్తావు."

"మార్కెట్ బాగాలేదు బెర్నీ."

"మార్కెట్ బాగానే ఉంది. దాని మధ్యలో నువ్వు కూచున్నావు." బెర్నిస్ కప్పు కింద పెట్టింది. "చర్చి హాల్లో ఈస్టర్ ముందు ఉపవాసాల చేపల విందు మొదలై రెండు శుక్రవారాలైంది. తెలుసా?"

"నీకు పొట్లం కట్టించి తెచ్చానుగా!"

"తెచ్చావు. చేప వచ్చింది, కబుర్లు రాలేదు. పక్కన డోలరెస్ కూచుని ఎవరి గురించైనా నాలుగు చెడ్డమాటలు చెప్పకపోతే ఆ చేప నా గొంతు దిగదు."

జిగ్గీ టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

పాత సామానుకి వెల కట్టడంలో జిగ్గీని మించినవాడు ఆ రాష్ట్రంలోనే లేడు. కుర్చీ చేతి మీద సిగరెట్ కాలిన మచ్చ ఉంటే ధర పెరుగుతుంది. మచ్చ గీకి, మెరుగు పెట్టి, ముద్దుగా చేసి తెస్తే సగానికి పడుతుంది. సీటు కింద ఎవరో డెబ్బై ఏళ్ళ క్రితం అంటించిన చూయింగ్ గమ్ కూడా ముట్టుకోకూడదు. నమిలిన నోరు పోయినా అది మిగిలిందంటే దానికో లెక్క ఉంది. మేకు మారిస్తే ఇంత కోత, తయారీదారు కాగితం అడుగున చెక్కుచెదరకుండా ఉంటే ఇంత పెంపు. అన్నిటికన్నా పెద్ద సూత్రం ఒకటుంది. జతగా పుట్టినవాటిని జతగానే అమ్మాలి. విడగొడితే రెండూ కలిపి ఒకదాని ధర కూడా పలకవు.

ఆ వ్యాపారంలో చీటీ అంటే మాట. వస్తువుకి కట్టిన చీటీ మీద అంకె చదివి కొనేవాడు బేరం లేకుండా "సరే" అన్నాడా, ఇక అమ్మేవాడు నోరెత్తకూడదు. బేరం ఆడితే మాత్రం కాదనే హక్కు అమ్మేవాడిది. పొరపాటున ఒకే వస్తువుకి రెండు చీటీలుంటే తక్కువదే చెల్లుతుంది. ఈ రెండో కట్టుబాటు పట్టుకునే, ఒకప్పుడు రసీన్ ఊళ్ళో రెండువందల డాలర్ల స్కోరు బల్లని జిగ్గీ పన్నెండు డాలర్లకి లాక్కొచ్చాడు. దాని అడుగున పాత చీటీ అంటుకుని ఉంది. "అడుగు చూడనివాడు అడుగు వెయ్యకూడదు" అని ఆ కథ ప్రతి క్రిస్మస్‌కీ చెబుతాడు. బెర్నిస్‌కి ఆ కథ కంఠస్థం, కంఠానికి అడ్డం కూడా.

అంతటివాడు ఈ నవంబరు నుంచి పంతొమ్మిదిమంది వచ్చి చూస్తే ఒక్క స్టూలు అమ్మలేదు. వచ్చినవాళ్ళు చీటీలు చదివి వెలవెలబోయి వెళ్ళారు.

ఎనిమిదిన్నరకి రెనాటా వచ్చింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, నలభై ఏళ్ళది, సిటీ బస్సు నడుపుతుంది. కోటు విప్పకుండానే తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టింది.

"అమ్మా, ఇవాళ తాడో పేడో తేలిపోవాలి. ఈస్టర్ లోపల కింద ఖాళీ చెయ్యకపోతే నిన్ను నాతో తీసుకెళ్ళిపోతానని నాన్నకి చెప్పేశా. మా బిల్డింగులో లిఫ్టుంది."

"మరి మీ నాన్నో?"

"నాది ఒకే గది అమ్మా. నీకు మంచం, నాకు సోఫా. నాన్నకి చోటెక్కడ? అయినా ఆయనకి కుర్చీలున్నాయిగా, ఒక్కోరోజు ఒక్కోదాంట్లో పడుకోమను."

"నాకేం కావాలో అడగరా మీరిద్దరూ?"

"నీకోసమే కదమ్మా ఇదంతా!" అంటూ రెనాటా అప్పటికే గుమ్మం దాటేసింది. వీధిలో ఎర్ర ట్రక్కు ఆగింది. దాంట్లోంచి హేగెన్ దిగాడు. పొడుగ్గా, మర్యాదగా, చేతిలో కొలత టేపుతో.

ముగ్గురూ ముందు మెట్ల పక్కనున్న చిన్న తలుపులోంచి, నాలుగు మెట్లు దిగి, కిందివాటాలోకి వెళ్ళారు. బెర్నిస్ కుర్చీని కిందినుంచి వేడిగాలి వచ్చే నేల జాలీ దగ్గరికి జరుపుకుంది. చలికాలమంతా ఆమెకి అదే రేడియో. కింద బల్ల కదిలితే ఏ బల్లో చెప్పగలదు. కిర్రుమంటే బూట్ల గూళ్ళు, గొణిగితే వంపు బెంచీ, దగ్గితే జిగ్గీ.

"పక్కకి తిరిగి రండి," రెనాటా గొంతు. "నలభై అడుగుల బస్సు తిప్పుతాను గానీ ఈ గదిలో నన్ను నేను తిప్పుకోలేను."

"ఈ కర్రల స్టాండ్ బాగుందండీ," హేగెన్ గొంతు. "రెండువేల ఒక వంద... కొంచెం చూసి చెప్పండి. పన్నెండువందలిస్తా."

"కుదరదు," అన్నాడు జిగ్గీ. ఆ కుదరదులో ఎంత కుదురుగా ఉన్న ఆనందం!

బూట్ల గూళ్ళకీ కుదరలేదు. స్కోరు బల్లకీ కుదరలేదు. తర్వాత అడుగుల చప్పుడు గది చివరికి పోయి ఆగింది. బెర్నిస్‌కి అర్థమైంది, వెనక తలుపు దగ్గరికి చేరారు. అక్కడ తలుపుకి అడ్డంగా ఉన్నది నాలుగు సీట్ల ఎత్తు బెంచీ. పూల్ రూమ్‌లో ఆట చూసేవాళ్ళు కూర్చునేది. నల్లబడిన ఓక్ చెక్క, కాళ్ళకి ఆనుడు మెట్టు, సీటు చేతులకి పూల్ కర్ర ఆనించుకోవడానికి గాట్లు.

"అబ్బ!" అన్నాడు హేగెన్. "తొమ్మిదివేల ఐదువందలా! అయ్యా, ఇలాంటిది చికాగోలో పోయినేడు నాలుగువేలకి పోయింది. నేను చూశాను."

"అది ఆ బెంచీ. ఇది ఈ బెంచీ."

"ఐదు ఇస్తా. ఇప్పుడే, నోట్లు."

"కుదరదు."

"నాన్నా!" రెనాటా గొంతు జాలీని దాటి వచ్చింది. "నాలుగువేలు చేసేదానికి ఐదువేలిస్తానంటుంటే కుదరదా? ఇంటింటికీ వెళ్ళి వెల కట్టేది నువ్వే కదా! వేరేవాళ్ళ సామానుకి సెంటు తేడా రాకుండా చెబుతావు. నీ సామాను దగ్గరికొచ్చేసరికి అంకెలకి పూనకం వస్తుందేం?"

"నా సామాను. నా ధర."

"ఇది ధరా? ఇది తాళం! ఎవడూ సరే అనలేని అంకె వేస్తావు, బేరం ఆడగానే కాదంటావు. పంతొమ్మిదిమందినీ ఇలాగే పంపించావు కదూ? అక్కడ అమ్మ ఐదు నెలలుగా కిటికీకి అంటించిన బొమ్మలా ఉంది. నీకు అమ్మకన్నా బెంచీ ఎక్కువైపోయిందా?"

"నోరు జాగ్రత్త రెనాటా!"

"ఈస్టర్ దాకా ఎందుకు, ఇవాళే తీసుకెళ్ళిపోతా. బస్సు డ్రైవర్లు నలుగురొస్తే కుర్చీతో సహా ఎత్తి దించేస్తారు!"

"నువ్వెవరే తీసుకెళ్ళడానికి? ఆమె ఎక్కడికీ రాదు!"

బెర్నిస్ జాలీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఒకరు దాచిపెట్టడానికి, ఇంకొకరు ఎత్తుకెళ్ళడానికి. కింద సామాను గురించి ఎలా పోట్లాడుకుంటున్నారో తన గురించీ అలాగే పోట్లాడుకుంటున్నారు. తనకో చీటీ కట్టడం ఒక్కటే తక్కువ.

చీటీ అనుకోగానే ఆమెకి నలభై ఏళ్ళ నాటి పెన్సిల్ ఒకటి గుర్తొచ్చింది.

లేచింది. కోటు వేసుకుంది. బీరువాలోంచి చేపల విందు కోసం డబ్బు దాచుకున్న కవరు తీసి ఎప్రాన్ జేబులో పెట్టుకుంది. తలుపు తీస్తే ఐదు నెలల తర్వాత మొదటిసారి మొహానికి గాలి తగిలింది. చేతికర్రని ముందు కిందికి జారవిడిచింది. అది టకటకమంటూ వీధి దాకా పోయి పడుకుంది. తర్వాత డెబ్బై ఏళ్ళు దాటబోతున్న బెర్నిస్, ముగ్గురు పాద్రీల చేత మంచి మనిషి అనిపించుకున్న బెర్నిస్, మొదటి మెట్టు మీద పిల్లలా చతికిలబడింది.

ఒకటి. తుంటి కేక పెట్టింది, తను పెట్టలేదు. రెండు. కోటు కింద మంచు తడి ఎక్కింది. ఎదురింటామె తెర తొలగించి చూసింది. మూడు. చూస్తే చూడనీ, ఐదు నెలలు తనూ వాళ్ళని చూసింది. తొమ్మిది. కర్ర అందుకుంది. చిన్న తలుపు దగ్గర ఇంకో నాలుగు ఉన్నాయి. అవీ అలాగే దిగింది.

లోపల ముగ్గురూ ఇంకా అరుచుకుంటున్నారు. సరిగ్గా చెప్పాలంటే ఇద్దరు అరుస్తున్నారు, హేగెన్ టేపు లాగి వదులుతూ నిలబడ్డాడు.

"ఆ బెంచీ నేను తీసుకుంటా," అంది బెర్నిస్ గుమ్మంలోంచి.

జిగ్గీ మొహంలో రక్తం లేదు. "బెర్నీ! ఎలా వచ్చావ్? పడితే... పడి ఉంటే..."

"పడలేదు. కూచుని వచ్చాను. హేగెన్ గారూ, మీ చెయ్యి పొడుగ్గా ఉంది. మూడో సీటు కిందికి పోనిచ్చి చూడండి. వెనక మూల."

హేగెన్ మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టాడు. "గమ్ ఉంది."

"ముట్టుకోవద్దు!" అన్నారు జిగ్గీ, బెర్నిస్ ఒకేసారి.

"దాని పక్కన ఏదో పిన్ను... కాగితం!" పసుపు తిరిగిన చిన్న అట్టముక్క బయటికొచ్చింది. పెన్సిల్ రాత అరిగినా అంకె అరగలేదు. "నలభై ఐదు డాలర్లు," చదివాడు హేగెన్. చదివి, తన చేతిలో ఏముందో తెలిసి, "స" అన్నాడు.

"సరే," అంది బెర్నిస్. ఆమె రెండక్షరాలూ అతని రెండో అక్షరం కన్నా ముందే పూర్తయ్యాయి.

కవరు జిగ్గీ చేతిలో పెట్టింది. రెండు ఇరవైలు, ఒక ఐదు.

"ఇదేమిటి బెర్నీ? ఆ చీటీ నాది కాదు!"

"నా రాతే. రెనాటా కడుపులో ఉండగా ఉయ్యాల కొనాలని ఈ బెంచీ అమ్మేద్దాం అన్నావు. నువ్వు చెప్పావు, నేను రాసి గుచ్చాను. మర్నాడు మనసు మార్చుకున్నావు. ఉయ్యాల మీ అక్క ఇచ్చింది. చీటీ నువ్వు తియ్యలేదు. ఊళ్ళో అందరి బల్లల అడుగునా చూస్తావుగా, నీ బెంచీ అడుగున ఏనాడైనా చూశావా?"

"నువ్వు నా పెళ్ళానివి! పెళ్ళానికి అమ్మడమేమిటి?"

"తగ్గింపు అడగలేదుగా. రెండు చీటీలుంటే ఏది చెల్లుతుంది జిగ్గీ? రసీన్ కథ నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

హేగెన్ టోపీ తీశాడు. జిగ్గీ నోట్ల వైపు చూశాడు, చీటీ వైపు చూశాడు. తన కట్టుబాటు తన మెడకే చుట్టుకుంది. ఆ బెంచీ చివర పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది జరిపితే ఆ తలుపు తెరుచుకుంటుంది," అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. "తెరుచుకుంటే నీ మంచం కిందికొస్తుంది."

"రావాలనేగా ఇదంతా!"

"మా నాన్న మంచం కిందికొచ్చింది, ఇదే గోడకి. ఎనిమిది నెలలు. తర్వాత బూషా మంచం, మా అమ్మది. పదకొండు నెలలు. ఈ ఇంట్లో కిందికి దిగిన ముసలివాళ్ళు మళ్ళీ మెట్లెక్కలేదు బెర్నీ. ఆ తలుపులోంచి పెట్టెలోనే వెళ్ళారు." ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "బూషా పోయిన వారానికి షెడ్డులో ఉన్న ఈ బెంచీని మొదటగా తెచ్చి ఆ తలుపుకి అడ్డం పెట్టాను. ఖాళీగా ఉంటే... ఎవరి వంతో అని చూస్తున్నట్టుండేది ఈ గది. నింపేస్తే చోటుండదు అనుకున్నా. చోటు లేకపోతే నువ్వు దిగవు అనుకున్నా."

రెనాటా గోడకి ఆనుకుంది. తండ్రిని లోభి అనుకుంది, మొండి అనుకుంది. ఇన్నాళ్ళూ చీటీల మీద చదివినవన్నీ అంకెలనే అనుకుంది. అవి ఒక ముసలివాడి భయం ఖరీదని తెలియలేదు.

బెర్నిస్ చిన్నగా అతని దగ్గరికి నడిచింది. బల్లల మధ్య జాగా ఇరుకు, ఆమె మొండిగా దూరింది.

"పిచ్చివాడా! పైన నేనేం చేస్తున్నాననుకున్నావు? బతుకుతున్నాననా? ఎండ తగలకుండా దుప్పటి కప్పావు, ఎవరూ తీసుకెళ్ళకుండా ధర పెంచావు. నీ కుర్చీలకి అది బాగుంటుంది. నేను కుర్చీని కాదు జిగ్గీ. నాకు శుక్రవారం చేప కావాలి. డోలరెస్ నోరు కావాలి. ఎన్నాళ్ళో నాకు తెలీదు. ఎనిమిది నెలలే అయితే ఆ ఎనిమిది నెలలూ తలుపు తెరిచి ఉండాలి."

జిగ్గీ ముందుకి వంగాడు. ఆమె భుజం మీద తల ఆనించాడు. ఆమె కోటు వెనక అంతా తడిసి ఉందని అప్పుడు చేతికి తెలిసింది. ఒక్కొక్క మెట్టూ ఎలా దిగిందో ఆ తడి చెప్పింది. ఆయన బావురుమన్నాడు.

"నన్ను క్షమించమ్మా," అంది రెనాటా. "నేనూ నిన్ను అడగలేదు."

"ఏడుపులు తర్వాత. ముందు నా బెంచీ బయటికి లాగండి. డబ్బిచ్చాను."

ముగ్గురూ కలిసి లాగారు. ఇరవై మూడేళ్ళ తర్వాత వెనక తలుపు గుర్రుమంటూ తెరుచుకుంది. సందులోంచి ఎండ లోపలికి వచ్చి, దారిలో ఉన్న ప్రతి బల్లనీ పలకరించి, ఎదుటి గోడ మీద పడింది. బెంచీ సందు అంచున, గోడవారగా నిలబడింది. బెర్నిస్ ఆనుడు మెట్టు ఎక్కలేదు, ఎక్కాల్సిన పనే లేకపోయింది. సీటు ఎత్తుగా ఉండడంతో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే వెనక్కి ఆనుకుని కూర్చుంది. తుంటి కిక్కురుమనలేదు. చేతికర్రని గాటులో నిలబెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"ఐదు నెలలు నన్ను పొట్టి కుర్చీలో కూలేశావు," అంది భర్తతో. "నాకు కావలసిన కుర్చీ నీ గదిలోనే పెట్టుకుని!"

జిగ్గీ పెన్సిల్ తీశాడు. లోపలికి వెళ్ళి ఒక్కో చీటీ మీద అంకె కొట్టేసి, సరైన అంకె వేశాడు. హేగెన్ వెనకే వెళ్తూ "సరే", "సరే", "సరే" అన్నాడు. ప్రతి సరేకీ జిగ్గీకి పన్ను పీకినట్టే ఉంది, అయినా పెన్సిల్ ఆగలేదు. మధ్యాహ్నానికి ఎర్ర ట్రక్కు నిండింది. సోమవారం ఇంకో విడత తీసుకెళ్తానన్నాడు హేగెన్. వెళ్తూ వెళ్తూ బెంచీ వైపు ఒకసారి ఆశగా చూశాడు.

"తొమ్మిదివేల ఐదువందలు," అంది బెర్నిస్. "బేరం లేదు."

రెనాటా ఖాళీ అయిన మూలలో నేల తుడిచి, పై నుంచి తల్లి మంచం కమ్మీలు విడివిడిగా తెచ్చి బిగించడం మొదలుపెట్టింది. జిగ్గీ తొమ్మిది మెట్లూ ఎక్కి వెళ్ళాడు. దుప్పటి తెచ్చాడు. మళ్ళీ ఎక్కి కాఫీ కప్పు తెచ్చాడు. మళ్ళీ ఎక్కాడు. ఈసారి దిగినప్పుడు ఆయన రెండు చంకల్లోనూ చెరో దిండు ఉంది.

"రెండెందుకు నాన్నా?" అంది రెనాటా. "నువ్వు పైనే పడుకుంటావు కదా? నీకు కింద భయం అన్నావుగా?"

జిగ్గీ గుమ్మంలో ఆగాడు. ఎండలో ఎత్తు బెంచీ మీద కూర్చుని, సందులో పోయే ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న బెర్నిస్‌ని చూశాడు.

"జత విడగొడితే ధర ఏమవుతుందో తెలీదటే నీకు?" అని దిండ్లు రెండూ మంచం మీద పక్కపక్కనే పెట్టాడు.